ఇంజెక్షన్‌కు లొంగని మంట: మిర్చి తొడిమలు తీసిన చేతుల కేసు

మార్చి రెండో వారం. రాత్రి పదిన్నర. క్లినిక్ షట్టరు సగం దించాక ఆటో వచ్చి ఆగింది. దిగినామె రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు ఎడంగా పెట్టుకుని నడుస్తోంది, పెట్టుకున్న గోరింటాకు ఎక్కడ చెరిగిపోతుందో అన్నట్టు. వెనకాల భర్త చేతిలో నీళ్ల బకెట్. దారి పొడుగునా చేతులు ఆ బకెట్లోనే ఉంచుకుని వచ్చిందట. లోపలికొచ్చి కూర్చోగానే మళ్లీ అందులోనే ముంచింది. బయటికి తీస్తే మంట, ముంచితే కాస్త ఊరట, నీళ్లు వెచ్చబడితే మళ్లీ మంట.

గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన దగ్గర్నుంచి మిర్చి మంట కేసులు ప్రతి సీజన్లోనూ చూస్తూనే ఉన్నాను. ఈ ఒక్కటి రాయడానికి కారణం వేరు. మొదటి రాత్రి నేను పొరపాటు చేశాను. అది ఎందుకు పొరపాటో తెలుసుకోబోతే, నొప్పి గురించి దాదాపు వందేళ్లుగా ల్యాబుల్లో తేలుతూ వచ్చిన సంగతులు ఒక్కొక్కటే ఈమె అరచేతుల్లో కనిపించాయి. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు తీసేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

34 ఏళ్ల మనిషి. షుగరు లేదు, బీపీ లేదు, మందుల ఎలర్జీ ఏదీ లేదు. పల్నాడు వైపు ఊరు. పత్తి తీతలు అయిపోయాక ఊళ్లో పని లేక, తెలిసినవాళ్లతో కలిసి ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి మొదటిసారి వచ్చింది. కూలి కిలోల లెక్కన. అంటే చేతులు ఎంత వేగంగా ఆడితే అంత డబ్బు. మొదటి రెండు రోజులు బాడిగ కాయ ఇచ్చారు. దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. చేతులు కాస్త చురుక్కుమన్నాయి, అంతే. మూడో రోజు తేజ రకం కాయ టిక్కీలు, అంటే బస్తాలు, విప్పారు. తేజ ఘాటు సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఒట్టి చేతులతో కూర్చుంది.

మంట పని చేస్తున్నప్పుడు మొదలవలేదు. ఇంటికెళ్లి స్నానం చేశాక మొదలైంది. "వేణ్ణీళ్లతో రుద్ది కడిగితే పోతుందనుకున్నా సార్. అప్పుడు చూడాలి, చేతులు పొయ్యిలో పెట్టినట్టయింది" అంది. ఏడింటికి దగ్గర్లోని ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజెక్షన్ చేసి, కాలిన గాయాలకు రాసే తెల్ల ఆయింట్‌మెంట్ పూశాడు. మంట తగ్గకపోగా ఎక్కువైంది.

నేను చూసేసరికి రెండు అరచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వేళ్ల సందుల్లోనూ, గోళ్ల చుట్టూ ఎరుపు ఇంకా ఎక్కువ. కొద్దిగా పొంగినట్టు వాపు. బొబ్బలు లేవు, చర్మం ఎక్కడా ఊడలేదు. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కొసల దగ్గర మంట అన్నిటికన్నా ఎక్కువ. తొడిమ గిల్లేది ఆ రెండు వేళ్లతోనే. ఆ వేళ్ల మీదే పత్తి కాయల డొప్పలు గీరిన పాత పగుళ్లు ఉన్నాయి. కుడి కన్ను కూడా ఎర్రబడింది, చెమట తుడుచుకుందట. పదికి ఎంత మంట అని అడిగితే, "పదికి పది" అంది. నేను ఫైల్లో 9 అని రాసుకున్నాను, ఎందుకో తెలియదు. పది రాయడానికి డాక్టర్లకు చేయి రాదు.

మొదట కంటి సంగతి చూశాను. సెలైన్‌తో అర లీటరు పైగా పోసి కడిగాం. మర్నాడు కంటి డాక్టరు రంగు చుక్క వేసి చూసి, నల్లగుడ్డు మీద గాయమేమీ లేదన్నారు. కన్ను కథ అక్కడితో ముగిసింది.

చేతుల దగ్గరే తప్పటడుగు వేశాను. ఎరుపు, వాపు, మంట, కొత్తగా తగిలిన పదార్థం... ఇవన్నీ చూసి నా బుర్ర సరాసరి ఎలర్జీ వైపు వెళ్లింది. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్, ఎలర్జీకి వాడే అవిల్ నరానికి ఇచ్చాను. నలభై నిమిషాలు ఎదురుచూశాను. అవిల్ ఇచ్చినందుకు కళ్లు మూతలు పడుతున్నాయి కానీ చేతులు నిద్రపోనివ్వడం లేదు. మంట 9 నుంచి 9కి.

అప్పుడు మా ఆయమ్మ అంది: "సార్, ఎన్ని సూదులు పొడిచినా అది దిగదు. నూనె తెప్పించండి. మా అమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసే మమ్మల్ని పెంచింది."

ఎదురుగా టిఫిన్ హోటల్ మూసేస్తున్నారు. వాళ్ల దగ్గర అర లీటరు పామాయిల్ దొరికింది. స్టీలు బేసిన్లో పోసి చేతులు అందులో పెట్టించి, ఇరవై నిమిషాలు వేళ్ల సందుల్లోంచి మెల్లగా రుద్దించాం. కట్టు కట్టే గాజ్ గుడ్డతో నూనె తుడిచి పారేసి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, చల్లటి నీళ్లు పోశాం. మళ్లీ కొత్త నూనె. ఇలా మూడు సార్లు. రెండోసారికి గోళ్లు కత్తిరించి, మెత్తటి టూత్‌బ్రష్‌తో గోటి కింద తోమితే, బ్రష్ కుచ్చు నారింజ రంగుకు తిరిగింది. అసలు సరుకు దాక్కున్నది అక్కడ. ఆ తర్వాత తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్లీ, పైన గుడ్డలో చుట్టిన ఐసు, పెడుతూ తీస్తూ.

పన్నెండుంపావుకు 5. ఒకటిన్నరకు 3. బెంచీ మీదే నిద్రపోయింది. భర్త బకెట్లో నీళ్లు బయట పారబోసి వచ్చాడు.

ఇంకో చిన్న సంగతి. ఆ రాత్రి ఆయమ్మ మామూలు లేటెక్స్ గ్లౌజులు వేసుకునే ఈ పనంతా చేసింది. పొద్దున్నే ఆమె వేళ్లు కూడా మండాయి. దీనికి తర్వాత వస్తాను.

మూడు మందులు ఎందుకు ఓడిపోయాయి

నూనె సంగతి తేలికే. మిర్చిలో మండించే పదార్థం క్యాప్సైసిన్. అది నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు చల్లదనం ఇస్తాయి కానీ దాన్ని చర్మం నుంచి లాగలేవు. వేణ్ణీళ్లయితే చర్మాన్ని మెత్తబరిచి దాన్ని ఇంకా లోపలికి పంపుతాయి. 1981లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. మిరపకాయలు ఎక్కువ వేసే చైనా హునాన్ వంటకం కోసం కాయలు తరిగిన మనిషి చేతులకు ఇదే జరిగితే, దానికి 'హునాన్ హ్యాండ్' అని పేరు పెట్టారు. 1987లో అమెరికాలోని న్యూ మెక్సికోలో, మిర్చి ఒలిచి చేతులు మండినవాళ్ల మీద చన్నీళ్లనూ వంటనూనెనూ పోల్చి చూశారు. నూనెతో వచ్చిన ఊరటే ఎక్కువసేపు నిలిచింది. యార్డులో ఆడవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. వాళ్లను అడగడం నాకు తోచలేదు.

నన్ను నిద్రపోనివ్వనిది నూనె కాదు, ఇంజెక్షన్లు. వాపు తగ్గించడానికి మన దగ్గరున్న మూడు పెద్ద మందులూ పడ్డాయి: డైక్లోఫెనాక్, స్టెరాయిడ్, అవిల్. ఒక్కటీ పనిచేయలేదు. ఎదురుగా ఎర్రటి వాపు కనిపిస్తుంటే వాపు మందులు ఎందుకు పనిచేయవు?

జవాబు 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికింది. డేవిడ్ జూలియస్ ల్యాబులో మైఖేల్ కాటెరీనా అనే యువ శాస్త్రవేత్త వెన్నుపక్క నాడీముడుల నుంచి జన్యు సందేశాలు తీసి, వాటి నకళ్లను వేలకు వేలు గుంపులుగా చేశాడు. మిర్చి అంటే ఏమిటో తెలియని మామూలు కణాల్లోకి ఒక్కో గుంపునూ ఎక్కించి, పైన క్యాప్సైసిన్ పోసి చూడటమే పని. కణంలోకి కాల్షియం దూకితే వెలిగే రంగు ముందే కలిపి పెట్టారు. ఏ గుంపు వెలిగితే దాన్ని విడగొట్టి, మళ్లీ పోసి, మళ్లీ విడగొట్టి, చివరికి ఒక్క జన్యువు దగ్గరికి వచ్చారు. కల్లంలో తాలు కాయ ఏరినట్టే, కాకపోతే ఇక్కడ పనికొచ్చేది ఒక్క కాయే. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను ఇప్పుడు టీఆర్‌పీవీ1 అంటారు. నొప్పి నాడి కొసల మీద ఉండే తలుపు అది. క్యాప్సైసిన్ వచ్చి అంటుకుంటే తెరుచుకుంటుంది, సోడియం, కాల్షియం లోపలికి పారతాయి, నాడి మెదడుకు కబురు పంపుతుంది.

అదే తలుపు మీద వేడి పెట్టి చూశారు. 43 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి అదీ తెరిచింది. అంటే మిర్చికీ నిప్పుకీ తలుపు ఒక్కటే. మెదడుకు చేరే కబురు కూడా ఒక్కటే: కాలుతోంది. తెలుగులో పొయ్యిలో ఉన్నదీ మంటే, నాలుక మీద ఉన్నదీ మంటే. మనవాళ్లు రెంటికీ ఒకే మాట పెట్టినప్పుడు కణాల సంగతి తెలియకపోయినా తప్పు మాత్రం పోలేదు. ఈ పనికే జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, ఒత్తిడినీ స్పర్శనూ పట్టే తలుపులు కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి.

రామచిలుక పండుమిర్చిని కసుక్కున కొరికి ఎలా తింటుందని చిన్నప్పుడు అందరం ఆశ్చర్యపోయినవాళ్లమే. 2002లో జూలియస్ బృందమే కోడి కణాల్లోని ఇదే తలుపును పరీక్షించి చూసింది. పక్షుల్లో అది వేడికి తెరుచుకుంటుంది, క్యాప్సైసిన్‌కు మాత్రం తెరుచుకోదు. చిలుకకు ఓర్పు ఎక్కువై కాదు, మిర్చి తాళంచెవి ఆ తలుపుకు పట్టదు, అంతే.

ఇక డైక్లోఫెనాక్. ఈ జాతి మందులు ఏం చేస్తాయో 1971లో లండన్‌లో జాన్ వేన్ చూపించాడు. దెబ్బతిన్న కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయి. ఆయనతో పనిచేసిన బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా మరో మెట్టు ఎక్కి, ప్రోస్టాగ్లాండిన్లు మామూలుగా నొప్పిని తామే పుట్టించవనీ, నాడికి చురుకు పెంచి, చిన్న ప్రేరణకే ఉలిక్కిపడేలా చేస్తాయనీ 1970ల తొలి రోజుల్లోనే చెప్పాడు. అంటే ప్రోస్టాగ్లాండిన్ అనేది తలుపు బందులకు రాసే నూనె లాంటిది. తలుపు తేలిగ్గా తిరిగేలా చేస్తుంది, తెరవడం దాని పని కాదు. ఈమె చేతుల్లో తాళంచెవే దూరి ఉంది. తాళంచెవి రంధ్రంలో ఉండగా బందుల నూనె తుడిచేస్తే తలుపు మూసుకుంటుందా? ఆర్‌ఎంపీ చేసిన ఇంజెక్షన్‌కు అందుకే ఫలితం లేదు. నేను ఇచ్చిన స్టెరాయిడ్ జన్యువుల స్థాయిలో పనిచేసేది, దానికి గంటలు పడుతుంది. ఇచ్చినా చివరికి తుడిచేది ఆ బందుల నూనెనే. అవిల్ అడ్డుకునేది ఎలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్‌ను. ఆమెకు దురద లేదు.

మరి ఎరుపు, వాపు? అవి అబద్ధం కాదు కదా. నా పొరపాటు ఇక్కడే ఉంది.

నాడి అంటే ఇక్కడి కబురు అక్కడికి మోసే తీగ అనుకుంటాం. నొప్పి నాడికి రెండో పని కూడా ఉంది. చర్మాన్ని గీరితే చుట్టూ ఎర్రగా పరుచుకోవడం నాడి ద్వారానే జరుగుతుందని థామస్ లూయిస్ 1927లోనే లండన్‌లో రాశాడు. హంగరీలోని సెగెడ్‌లో మిక్లోష్ యాంచో బృందం దాన్ని తిరుగులేకుండా చూపింది. నాడిని ప్రేరేపిస్తే చర్మంలో వాపు వస్తోంది. ఆ నాడిని ముందే తెంచినా, లేక క్యాప్సైసిన్‌తో మొద్దుబార్చినా ఆ వాపు రావడం లేదు. యాంచో పోయిన మరుసటి ఏడాది, 1967లో, ఆ పేపరు అచ్చయింది. లోపల జరిగేది ఇది: తలుపు తెరుచుకుని కాల్షియం లోపలికి వచ్చినప్పుడు నాడి కొస తన దగ్గరున్న సంచుల్ని బయటికి విప్పుతుంది. వాటిలో సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనేవి ఉంటాయి. సీజీఆర్‌పీ రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, దాంతో ఎరుపు. సబ్‌స్టెన్స్ పి వాటి గోడల్లోంచి నీరు ఊరేలా చేస్తుంది, దాంతో వాపు. దగ్గర్లోని, ఎలర్జీ రసాయనాలు దాచుకునే మాస్ట్ కణాల్ని కూడా రేపుతుంది.

నేను ఎరుపునూ వాపునూ చూసి, వాటి వల్ల నొప్పి వస్తోందనుకున్నాను. నిజానికి నొప్పి నాడే ఆ ఎరుపునూ వాపునూ తెచ్చింది. పొగ చూసి పొగకే నీళ్లు కొట్టాను.

రెండో రోజు ఓడిన మందే పనిచేసింది

మర్నాడు మధ్యాహ్నం చూపించుకోవడానికి వచ్చింది. ఊరికే ఉంటే మంట 2. కానీ ఎండలో చేతులు చాపలేకపోతోంది. గోరువెచ్చటి నీళ్లలో అన్నం గిన్నె కడగబోతే కెవ్వుమన్నదట. బస్సు రాడ్ పట్టుకోలేకపోయిందట, ఎండకు వేడెక్కి ఉంది కాబట్టి.

క్యాప్సైసిన్ చాలావరకు పోయింది. తాళంచెవి తీసేశాం. ఇప్పుడు మిగిలింది బందుల నూనె. రాత్రంతా రేగిన కణాలు బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్, నాడులను పెంచే ఎన్‌జీఎఫ్ లాంటి రసాయనాలు వదిలి ఉంటాయి. ఇవి నాడి కొస మీద తమతమ రిసెప్టర్లకు తగులుకుంటే, లోపల కైనేజ్ అనే ఎంజైములు లేచి టీఆర్‌పీవీ1 ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ ముద్రలు వేస్తాయి. ముద్ర పడిన తలుపుకు 43 డిగ్రీలు అక్కర్లేదు. ఒంటి వేడికి దగ్గర్లోనే తెరుచుకుంటుంది. కాబట్టి గోరువెచ్చటి నీళ్లు ఆమెకు సలసల కాగే నీళ్లే. ఆమె గోరంతను కొండంత చేసి చెప్పడం లేదు, తలుపే గడప మార్చుకుంది.

ఇప్పుడైతే ప్రోస్టాగ్లాండిన్ ఆపే మందుకు పని ఉంది. తిన్నాక ఐబుప్రొఫెన్ 400, రోజుకు మూడుసార్లు, రెండు రోజులకు రాశాను. ఆ సాయంత్రానికే ఫోన్ చేసి, గిన్నెలు తోముకుంటున్నానని చెప్పింది. నిన్న రాత్రి ఇదే జాతి మందు సూది రూపంలో పడితే చలనం లేదు. మందు చెడ్డది కాదు, అప్పటికి దాని సమయం రాలేదు.

రెండు రోజులే ఎందుకు, వారం రాయొచ్చు కదా అని మా జూనియర్ అడిగింది. నేను ఈ మధ్య అలా రాయడం తగ్గించాను. 2022లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం ఒక సంగతి ప్రచురించింది: నడుంనొప్పి మొదలైన తొలి రోజుల్లో రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు చురుగ్గా లేచినవాళ్లకే మూడు నెలల్లో నొప్పి పోయింది. ఎలుకల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ ఇచ్చి ఆ వాపును మొదట్లోనే అణిచేస్తే నొప్పి అప్పటికి తగ్గింది కానీ మొత్తం మీద ఎక్కువ రోజులు సాగింది. ఎలుకలో చూసిందాన్ని పట్టుకుని మనిషికి మందు మానిపించనక్కర్లేదు. కానీ అవసరం తీరాక కూడా మందు లాగించడానికి కారణం కనిపించదు. వాపు అనేది ఊరికే వచ్చే చుట్టం కాదు, పని చూసుకుని వెళ్లే చుట్టం.

అయిదో రోజుకు ఎరుపు పోయింది, పొట్టు రాలింది. మళ్లీ పనిలోకి వెళ్లింది. వెళ్లొద్దని చెప్పడానికి నేనెవర్ని?

ఆరు వారాల తర్వాత: మంట లేని చేతులు

ఏప్రిల్ నెలాఖర్లో కొడుక్కి జ్వరమని తీసుకొచ్చింది. పిల్లాణ్ని చూసి మందులు రాస్తూ, చేతులెలా ఉన్నాయని అడిగాను. "ఇప్పుడేం మండట్లేదు సార్, అలవాటైపోయింది. మొన్న తేజ కాయే రోజంతా చేశా" అంది, కాస్త గర్వంగానే. చీటీ అందుకోవడానికి చేయి చాపింది. కుడి బొటనవేలి కొస మీద బఠాణీ గింజంత బొబ్బ. చితికి, అంచులు తెల్లగా ఉన్నాయి.

ఎలా కాలిందని అడిగితే ఆమెకే తెలియదు. ఆలోచించి, ఆ పొద్దున టీ గిన్నె గుడ్డ లేకుండా దించానేమో అంది. గిన్నె వేడి తెలియలేదా? "వెచ్చగా అనిపించింది."

కేసు రెండో సగం ఇక్కడ మొదలైంది. మొదటి రాత్రి లేని నిప్పును ఆమె చేతులు చూపించాయి. ఇప్పుడు ఉన్న నిప్పును చూపించడం లేదు.

రెండు గాజు ట్యూబుల్లో నీళ్లు పోశాను. ఒకటి 45 డిగ్రీలు, థర్మామీటరు పెట్టి చూసుకున్నది. ఇంకొకటి కుళాయి నీళ్లు. కుడి బొటనవేలు, చూపుడువేలు కొసల మీద 45 డిగ్రీల ట్యూబు పెడితే "గోరువెచ్చగా ఉంది" అంది. చిటికెనవేలి మీద అదే ట్యూబు పెడితే చటుక్కున లాక్కుంది. ఎడమ చేతిలోనూ అంతే, కాకపోతే తేడా తక్కువ. దూది తగిలితే తెలుస్తోంది. చల్లదనం తెలుస్తోంది. పట్టు బాగుంది. గుండుసూది పొడుపు మాత్రం ఆ రెండు కొసల మీద కాస్త మొద్దుగా ఉంది.

చేతి వేలు కాలినా తెలియలేదంటే మన ప్రాంతంలో ఏ డాక్టరైనా ముందు చూడాల్సింది కుష్టు. మోచేయి వెనక అల్నార్ నరం తడిమి చూశాను, లావెక్కలేదు. ఒంటి మీద తిమ్మిరి మచ్చలు లేవు. షుగరు మళ్లీ చూశాం, మామూలుగా ఉంది. బీ12 కూడా. కుష్టులోనూ, షుగరు వల్ల వచ్చే నాడీ జబ్బులోనూ నష్టం ఇంత కచ్చితంగా తొడిమ గిల్లే రెండు వేళ్లకే పరిమితం కాదు. చల్లదనం పట్టే నాడులు బాగుండి, వేడి పట్టే నాడులే మొద్దుబారాయి. క్యాప్సైసిన్ తలుపు ఉన్న నాడులే అవి. చర్మం ముక్క తీసి బయాప్సీకి పంపలేదు. కూలి పని చేసుకునే మనిషి వేలికొస కోయడానికి నాకు మనసు ఒప్పలేదు, ఆమెకు దానివల్ల ఒరిగేదీ లేదు.

ఈ మొద్దుబారడం పాత సంగతే. యాంచో 1940ల్లోనే చూశాడు: క్యాప్సైసిన్ పదేపదే ఇచ్చిన జంతువులు కొన్నాళ్లకు దానికి చలించడం మానేస్తాయి, మంట పుట్టించే ఇతర రసాయనాలకు కూడా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి వచ్చే కాల్షియమే ఆ తలుపును మూసే ఏర్పాటు కూడా చేస్తుంది. కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును లేపుతుంది, అది ఫాస్ఫేట్ ముద్రల్ని తుడిచేస్తుంది. రెండో రోజు మంటను పెంచిన ముద్రలే అవి. కాల్షియం మరీ ఎక్కువైతే నాడి కొసలోని మైటోకాండ్రియా దెబ్బతిని, ఆ కొస వెనక్కి ముడుచుకుపోతుంది. నాడి చావదు, నత్త కొమ్ములు లాక్కున్నట్టు చర్మం పైపొర నుంచి తప్పుకుంటుంది.

దీన్నే మందుగా కూడా వాడుతున్నారు. సర్పి తగ్గాక నెలల తరబడి మిగిలిపోయే మంట కోసం 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న ప్యాచ్‌కు అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. ఒక్కసారి, 60 నిమిషాలు. ఊరట మూడు నెలల దాకా ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం మీద అదే మందు పెట్టి బయాప్సీ తీస్తే, వారానికి పైపొరలోని నాడీ కొసలు దాదాపు 80 శాతం తగ్గాయి. ఆరు నెలలకు చాలావరకు తిరిగి పెరిగాయి. ఆ ప్యాచ్ అంటించే నర్సులకు ఉన్న మొదటి నిబంధన ఏమిటంటే, నైట్రైల్ అనే సింథటిక్ రబ్బరు గ్లౌజులు మాత్రమే వేసుకోవాలి, లేటెక్స్ పనికిరాదు, క్యాప్సైసిన్‌కు అది సరిగా అడ్డుపడదు. ఆ రాత్రి మా ఆయమ్మ వేళ్లు ఎందుకు మండాయో ఇది చదివాక అర్థమైంది. ఒక ప్యాచ్ గంటసేపు అంటించే మనిషికి అక్కడ అన్ని జాగ్రత్తలు. ఇక్కడ రోజుకు తొమ్మిది గంటలు, సీజనంతా, ఒట్టి చేతులు.

తలుపును మొద్దుబార్చడం కాకుండా, నేరుగా దాన్ని మూసేసే మాత్ర కోసం మందుల కంపెనీలు చాలా కష్టపడ్డాయి. ఆమ్‌జెన్ తయారుచేసిన ఏఎంజీ 517 అనే మందును జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు ఇస్తే ఒంటి వేడి పెరిగింది, కొందరిలో 40 డిగ్రీల దాకా వెళ్లింది. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. ఈ తలుపు నొప్పికే కాదు, ఒంటి వేడిని అదుపులో ఉంచడానికీ పనిచేస్తోందని అలా బయటపడింది. ఇదే జాతి మరికొన్ని మందులతో ఇంకో చిక్కు వచ్చింది: వేసుకున్నవాళ్లకు కాలే వేడి కాలేదిగా తెలియడం లేదు. ఆమె బొటనవేలి మీది బొబ్బ చూసినప్పుడు నాకు ఆ పరీక్షలే గుర్తొచ్చాయి. అందుకే ఇప్పుడు చూపు పక్కకు మళ్లింది. నాడి వెంట కబురు మోసే సోడియం చానళ్లలో ఒకటైన నావ్1.8ను అడ్డుకునే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికా అనుమతి దొరికింది. ఆ రాత్రి అది నా దగ్గర ఉన్నా, ముందు నూనే తెప్పించేవాణ్ని.

ఆమెకు చెప్పింది, ఆమె చేసింది

వారం రోజులు పని ఆపమన్నాను. ఆపలేదు. గిన్నెలు దించేటప్పుడు గుడ్డ పట్టుకోమని, వేడిని చిటికెనవేలితో చూసి ఆ తర్వాతే పట్టుకోమని చెప్పాను. అది మాత్రం చేసింది. నైట్రైల్ గ్లౌజుల పెట్టె ఇచ్చి పంపాను. మూడు రోజులకు తిరిగి వచ్చి, చెమటకు లోపల చేతులు నానిపోతున్నాయనీ, తొడిమ పట్టు దొరక్క సగం కిలోలే అవుతున్నాయనీ చెప్పింది. కొసలు కత్తిరించి వేసుకున్నానంది. కొసలు కత్తిరించిన గ్లౌజు కాపాడేది కొసలు తప్ప మిగతా చేతిని. ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి కుదిరింది ఇది: పొద్దున చల్లగా ఉన్నంతసేపు గ్లౌజు, తేజ వచ్చిన రోజు బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం గ్లౌజు వేళ్లు కోసి టోపీల్లా, తడిసినప్పుడల్లా కొత్తవి.

కొంతమంది ముందే చేతులకు నూనె పట్టించి పనికి కూర్చుంటారు. నేను అది వద్దంటాను. పని అయ్యాక కడగడానికి వాడే నూనె క్యాప్సైసిన్‌ను లాగి బయటికి తీసుకుపోతుంది. పొద్దుటే రాసుకున్న నూనె దాన్ని లాగి అక్కడే, చర్మం మీదే ఉంచుతుంది. సాయంత్రం వరస కూడా చెప్పాను: ముందు నూనె, తర్వాత తుడవడం, తర్వాత గిన్నెల లిక్విడ్, తర్వాత చన్నీళ్లు, ఆఖర్న స్నానం. ఆమె దాన్ని పక్కన కూర్చునే నలుగురికి చెప్పిందట. అందులో ముగ్గురికి ముందే తెలుసునట. "మరి నాకెందుకు చెప్పలేదే అని అడిగా సార్. నువ్వు అడగలేదుగా అన్నారు."

జూన్ మూడో వారంలో, పని ఆగిపోయి నాలుగు వారాలు దాటాక, ఒకసారి రమ్మని కబురు పెట్టాను. వచ్చింది. బొబ్బ మానిపోయి గులాబీ రంగు మచ్చ మిగిలింది. 45 డిగ్రీల ట్యూబు కుడి చూపుడువేలి కొస మీద పెట్టాను. "వేడిగా ఉంది" అంది. బొటనవేలి మీద పెట్టాను. కాసేపు ఏమీ అనలేదు. నేను ట్యూబు తీయబోతుండగా చేయి చటుక్కున వెనక్కి లాక్కుని, వేలు నోట్లో పెట్టుకుంది.

ఫైల్లో రాసుకున్నాను: కుడి బొటనవేలు, వేడి తెలుస్తోంది, ఆలస్యంగా. మళ్లీ డిసెంబరులో, కొత్త కాయ రాకముందు చూడాలి.